రోజూ నీళ్లు పోస్తున్నా సాయంత్రానికి వాలిపోతోంది, కుండీ మార్చాలా?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో నిజాంపేట. మూడో అంతస్తు ఫ్లాట్, తూర్పు వైపు బాల్కనీ. రెండేళ్ల కిందట మా అత్తగారు కడియం వెళ్లొస్తూ ఒక పీస్ లిల్లీ, ఒక స్నేక్ ప్లాంట్ తెచ్చారు. పీస్ లిల్లీకి రోజూ ఉదయం నీళ్లు పోస్తున్నాను. అయినా సాయంత్రానికి ఆకులన్నీ వాలిపోతున్నాయి. పోసిన నీళ్లు పోసినట్టే కింద నుంచి కారిపోతున్నాయి. స్నేక్ ప్లాంట్ మాత్రం దివ్యంగా ఉంది. దాని ప్లాస్టిక్ కుండీ ఒక పక్క ఉబ్బింది, అంతే. పోయిన ఏడాది మనీ ప్లాంట్‌ను 5 అంగుళాల కుండీలోంచి ఏకంగా 12 అంగుళాల కుండీలోకి మార్చాను, మళ్లీ మళ్లీ మార్చే పని ఉండదు కదా అని. పేడ ఎరువు కూడా దండిగా కలిపాను. మూడు వారాల్లో కుళ్లిపోయింది. అప్పటి నుంచి కుండీ మార్చాలంటేనే టెన్షన్. న్యూజెర్సీలో ఉండే మా అక్క మార్చి, ఏప్రిల్‌లోనే మార్చాలంటుంది. అత్తగారేమో అమావాస్య దగ్గర్లో మొక్కను కదపొద్దంటారు. ఇప్పుడు మే మూడో వారం. ఇంతకీ ఎప్పుడు మార్చాలి, ఎలా మార్చాలి?
– ఒక పాఠకురాలు

సమాధానం: ముందు ఆ పీస్ లిల్లీని ఎండ తగలని గదిలోకి తెచ్చి పెట్టండి. ఈ ఉత్తరం మిగతాది తర్వాత చదువుకోవచ్చు. తూర్పు బాల్కనీ అంటే ఉదయం ఎండ నేరుగా పడుతుంది. మే నెలలో హైదరాబాద్‌లో తొమ్మిదింటికే ఆ ఎండ చురుక్కుమంటుంది. పీస్ లిల్లీ పెద్ద చెట్ల నీడలో పెరిగే జాతి, దానికి వెలుతురు చాలు, ఎండ అక్కర్లేదు. వాలిపోవడంలో కొంత భాగం కచ్చితంగా ఎండ వల్లే. మిగతా భాగం కుండీ లోపల ఉంది. అదేమిటో ఆకులు చూసి చెప్పలేం. దాహమైనా ఆకు వాలుతుంది, నీళ్లు ఎక్కువై వేరు కుళ్లినా ఆకు వాలుతుంది, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే వేరు చూడాలి.

వేరు చూడటమంటే మొక్కను పీకేయడం కాదు, భయపడకండి. సాయంత్రం పూట, మట్టి కాస్త తడిగా ఉన్నప్పుడు, మొక్క మొదలును ఎడమ చేతి వేళ్ల మధ్య ఇరికించుకుని కుండీని బోర్లించండి. కుండీ అంచును గట్టు మీద రెండుసార్లు మెల్లగా తట్టండి. అచ్చులోంచి ఇడ్లీ వచ్చినట్టు మట్టి ముద్ద మొత్తం చేతిలోకి వస్తుంది. రాకపోతే కుండీ పక్కలు నొక్కండి. కాండం పట్టుకుని మాత్రం లాగొద్దు. చూడటం అయ్యాక మళ్లీ అలాగే కుండీలో దించేయొచ్చు. ఇంత మాత్రానికి మొక్కకేమీ కాదు.

అప్పుడు మూడింటిలో ఏదో ఒకటి కనిపిస్తుంది. ముద్ద చుట్టూ తెల్లటి వేళ్లు నులక మంచం అల్లినట్టు అల్లుకుపోయి, మట్టి కంటే వేళ్లే ఎక్కువగా ఉంటే మొక్క కుండీని మించి పెరిగిందని అర్థం. వేళ్లు గోధుమ రంగులో మెత్తగా ఉండి, పట్టుకుంటే పై తోలు ఊడి చేతికి వస్తూ, మురుగు వాసన వేస్తుంటే కుళ్లు. ఇక మూడోది, మీ విషయంలో నేను పందెం కాసేది దాని మీదే. ముద్ద అంచుల్లో మాత్రం వదులు మట్టి ఉంటుంది, దాన్ని వేలితో రాల్చి చూస్తే మధ్యలో నర్సరీ కవరు ఆకారంలోనే ఇంకో ముద్ద, ఎండిన ఇటుకలా, రెండేళ్ల నుంచీ చెక్కు చెదరకుండా కూర్చుని ఉంటుంది.

కడియం, కడియపులంక చుట్టుపక్కల నుంచి వచ్చే మొక్కలు చాలావాటికి వేళ్ల చుట్టూ జిగట మట్టి ముద్ద ఉంటుంది. అది నర్సరీ వాళ్ల తప్పు కాదు. ఆ మొక్కలు లారీల్లో వందల కిలోమీటర్లు, రాష్ట్రాలు దాటి వెళ్లాలి. దారిలో ముద్ద విరిగితే మొక్క పోతుంది. బంకమట్టి అయితే విరగదు, తడీ పట్టుకుంటుంది. ప్రయాణానికి అదే మంచిది. చిక్కు ఎక్కడంటే, మనం ఇంటికి తెచ్చి కవరు చింపి, ఆ ముద్దను అలాగే కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) కలిపిన తేలిక మట్టిలో పెట్టేస్తాం. బంకమట్టి ఒకసారి పూర్తిగా ఎండిందంటే నీటిని లోపలికి రానివ్వదు. మీరు పోసిన చెంబెడు నీళ్లు ముద్ద చుట్టూ ఉన్న వదులు మట్టిలోంచి దారి చూసుకుని కింది చిల్లులోంచి పారిపోతాయి. పళ్లెం నిండింది కాబట్టి నీళ్లు బాగానే పట్టాయని మనం అనుకుంటాం. మధ్యలో వేరు మాత్రం ఎండుతూనే ఉంటుంది. రోజూ పోసినా వాలిపోవడమంటే ఇదే.

దీనికి ఇప్పటికిప్పుడు కుండీ మార్చక్కర్లేదు. బకెట్‌లో నీళ్లు పట్టి కుండీని అంచు దాకా ముంచి పెట్టండి. బుడబుడమని బుడగలు వస్తాయి. అవి ఆగేదాకా, సుమారు అరగంట, అలాగే ఉంచండి. తర్వాత బాత్రూమ్‌లో ఓ మూల పెడితే నీళ్లన్నీ కారిపోతాయి. మళ్లీ పై మట్టి ఒక అంగుళం లోతు ఆరినప్పుడే ఇలా ముంచండి. ఈ ఎండల్లో మూడు నాలుగు రోజులకోసారి పడుతుందేమో. రోజూ పొద్దున్నే చెంబుతో పోయడం మానేయండి. కుళ్లు కనిపిస్తే మాత్రం ముంచొద్దు, దాని సంగతి కింద చెప్తాను.

కుండీ మార్చడానికి జూన్ దాకా ఆగండి. మీ అక్క చెప్పింది తప్పని కాదు, న్యూజెర్సీకి అది సరిగ్గా సరిపోతుంది. అక్కడ చలికాలమంతా ముడుచుకుని కూర్చున్న మొక్క ఏప్రిల్ వచ్చేసరికి పగటి వెలుగు పెరిగి చిగురు వేస్తుంది, ముందున్నవన్నీ హాయైన నెలలు. మన మార్చి వేరు. దాని వెనకే 40 డిగ్రీలు దాటే రోజులు కాచుకుని ఉంటాయి. కుండీ మార్చినప్పుడు మనకు కనబడని సన్న వేళ్లు ఎన్నో తెగుతాయి. నీళ్లు పీల్చేవి అవే. అవి మళ్లీ పుట్టడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆ రెండు మూడు వారాలూ ఆకు నుంచి నీరు ఆవిరైపోతూనే ఉంటుంది. బయట వడగాలి కొడుతుంటే రాబడి తక్కువ, ఖర్చు ఎక్కువ. యూట్యూబ్‌లో చెప్పేవాళ్లలో చాలామంది చలి దేశాల వాళ్లు. వాళ్ల కేలెండర్‌ను తీసుకొచ్చి మన బాల్కనీకి తగిలించుకోకూడదు.

ఈ మాట నేను అనుభవం మీదే చెప్తున్నా. చాలా ఏళ్ల కిందట ఒక మే నెలలో, నాలుగు రోజులు వరసగా సెలవులొచ్చాయి కదా అని, నడుమెత్తు పెరిగిన రబ్బరు మొక్కను కుండీ మార్చాను. మట్టి మంచిదే, కుండీ మంచిదే. రెండు వారాల్లో పదకొండు ఆకులు రాలాయి. చివరికి కర్రలా మిగిలింది. ఇంట్లో వాళ్లు పారేయమన్నారు. మెట్ల కింద నీడలో వదిలేశాను. జూలైలో మొదటి చిగురు కనబడింది. ఆ మొక్కకు కావలసినవి కొత్త మట్టితో పాటు చల్లటి నెల అని అప్పుడు తెలిసింది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ పది పదిహేను రోజులూ ఏ మొక్క జోలికీ వెళ్లొద్దు. మృగశిర వచ్చి రెండు వానలు పడి గాలి చల్లబడ్డాక మొదలుపెట్టండి. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు దాకా మనకు బంగారం లాంటి కాలం. గాలిలో తేమ ఉంటుంది, మొక్క ఎదుగుదల మీద ఉంటుంది, తెగిన వేళ్ల చోట కొత్తవి తొందరగా పుడతాయి. అప్పుడు కుదరకపోతే చలి తగ్గి ఎండ ముదరని ఫిబ్రవరి. డిసెంబరు, జనవరిలో హైదరాబాద్ రాత్రులు ఇలాంటి మొక్కలకు చలే, అవి సగం నిద్రలో ఉంటాయి. విజయవాడలోనో కాకినాడలోనో అయితే ఆ నెలల్లోనూ పెద్ద ఇబ్బంది ఉండదు. ఏ కాలమైనా పని సాయంత్రం పెట్టుకోండి, మొక్కకు ఒక రాత్రి విశ్రాంతి దొరుకుతుంది.

అమావాస్య సంగతి. వేరుకు తిథి తెలియదు, దానికి తెలిసింది తడి, వేడి, వెలుతురు. కానీ అమావాస్య దాటడానికి రెండు రోజులు ఆగితే మొక్కకు నష్టమూ లేదు, ఇంట్లో మాటా రాదు. ఆ రెండు రోజుల్లో కోకోపీట్ కడిగి ఆరబెట్టుకోండి.

కాలంతో పని లేకుండా వెంటనే మార్చాల్సిన సందర్భాలు రెండే. కుండీ పగిలిపోవడం ఒకటి, వేరు కుళ్లడం రెండోది. మీ పీస్ లిల్లీలో కుళ్లు కనబడితే మే అని చూడకుండా ఆ రోజే పని కానిచ్చేయండి. మెత్తబడిన వేళ్లన్నీ శుభ్రమైన కత్తెరతో గట్టి భాగం కనబడేదాకా కత్తిరించి, పాత మట్టి మొత్తం తీసేసి, కొత్త మట్టిలో పెట్టండి. వేరు తగ్గింది కాబట్టి కుండీ కూడా చిన్నదే కావాలి. ఇక్కడే చాలామంది పెద్ద కుండీలో పెట్టి రెండోసారి కుళ్లబెడతారు.

పోయిన ఏడాది మీ మనీ ప్లాంట్‌కు జరిగింది సరిగ్గా అదే. 5 అంగుళాల నుంచి 12 అంగుళాలకు మార్చారు. వెడల్పు రెండింతలకు కొంచెం పైన, అంతే కదా అనిపిస్తుంది. కానీ కుండీ లోతు కూడా అదే లెక్కన పెరిగితే లోపల పట్టే మట్టి సుమారు 14 రెట్లు. ఐదంగుళాల ముద్దలో ఉన్న వేరు తాగేది ఎంత? మిగిలిన మట్టంతా పోసిన నీటిని పట్టుకుని రోజుల తరబడి తడిగా కూర్చుంటుంది. తడి మట్టిలో గాలి ఆడదు, గాలి ఆడని వేరు కుళ్లుతుంది. పేడ ఎరువు గురించి మీరు పూర్తిగా రాయలేదు. పూర్తిగా మాగని పేడ అయితే అది కుండీలో మాగడం మొదలుపెట్టి వేడి పుట్టిస్తుంది, కొత్త వేళ్లను కాలుస్తుంది. మాగిన ఎరువు చేతిలోకి తీసుకుంటే పేడ వాసన రాదు, తొలకరి మట్టి వాసన వస్తుంది. పేడ వాసన వస్తోందంటే ఇంకా ఆరు నెలలు ఓ మూల పడేయండి.

కొత్త కుండీ పాతదాని కంటే 2 అంగుళాలు వెడల్పు ఉంటే చాలు. మీ పీస్ లిల్లీ 8 అంగుళాల కుండీలో ఉంటే 10 అంగుళాలది తీసుకోండి. ఆ మాత్రానికే మట్టి దాదాపు రెట్టింపు అవుతుంది. మళ్లీ మళ్లీ మార్చే పని తప్పుతుందనే ఆలోచన మొక్కల దగ్గర పనికిరాదు. పిల్లలకు ఎదిగాక సరిపోతాయని రెండు సైజులు పెద్ద బట్టలు కొనొచ్చు గానీ, మొక్కకు కాదు.

మట్టి కుండీనా, ప్లాస్టిక్ కుండీనా అంటే, నీళ్లు ఎక్కువ పోసే అలవాటున్న వాళ్లకు నేను మట్టి కుండీ చెప్తాను, మరిచిపోయే వాళ్లకు ప్లాస్టిక్. మీరు రోజూ పోసే మనిషి. మట్టి కుండీ తెచ్చుకోండి, దాని పక్కల్లోంచి కూడా తడి ఆరుతుంది. వాడే ముందు ఒక గంట నీళ్లలో నానబెట్టాలి, లేకపోతే మీరు పోసే మొదటి నీళ్లు కుండీయే తాగేస్తుంది. పెయింట్ డబ్బానో పాత బకెట్టో వాడుకుంటే స్క్రూడ్రైవర్ మొనను పొయ్యి మీద కాల్చి అడుగున నాలుగైదు చిల్లులు, పెన్సిల్ దూరేంత లావున, పెట్టండి. చిల్లు లేని పింగాణీ కుండీలు బహుమతిగా వస్తుంటాయి. వాటిలో నేరుగా మట్టి పోయొద్దు. చిల్లులున్న చిన్న ప్లాస్టిక్ కుండీని అందులో కూర్చోబెట్టండి, నీళ్లు పోసేటప్పుడు బయటికి తీయండి.

కుండీ అడుగున గులకరాళ్లో ఇటుక ముక్కలో ఒక వరస పరచాలని మనందరికీ పెద్దవాళ్లు నేర్పారు. నేనూ ఏళ్ల తరబడి పరిచాను, ఇప్పుడు మానేశాను. ఎందుకో వంటింట్లో అంట్లు తోమే స్పాంజితో చూడండి. స్పాంజిని నీళ్లలో ముంచి, పడుకోబెట్టినట్టు అడ్డంగా పట్టుకోండి. నీళ్లు కారి కారి ఆగిపోతాయి. ఇప్పుడు దాన్ని నిలువుగా తిప్పండి, ఆగిపోయిన స్పాంజిలోంచి మళ్లీ నీళ్లు కారతాయి. అదీ ఆగాక నొక్కి చూడండి, పై భాగం కొంచెం పొడిగా, అడుగు భాగం నీళ్లతో నిండుగా ఉంటుంది. కుండీలో మట్టి కూడా అంతే. ఎంత కారినా అడుగున కొంత మందాన నీళ్లు నిలిచే ఉంటాయి. రాళ్లు పరిస్తే ఆ తడి పొర రాళ్లలోకి దిగదు, రాళ్ల మీద మట్టిలో నిలబడుతుంది. అంటే వేరుకు ఇంకా దగ్గరికొస్తుంది, పైగా మట్టి లోతు తగ్గుతుంది. చిల్లు మీద మట్టి జారిపోకుండా ఒక చిన్న పెంకు ముక్కో, దోమతెర ముక్కో, కొబ్బరి పీచో పెడితే సరిపోతుంది.

మట్టి మిశ్రమానికి ఒకటే మగ్గు పెట్టుకుని కొలవండి. పీస్ లిల్లీకి రెండు మగ్గుల కోకోపీట్, ఒక మగ్గు ఎర్రమట్టి, ఒక మగ్గు వర్మీ కంపోస్ట్, ఒక మగ్గు పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తెల్లటి తేలిక గుళికలు). పెర్లైట్ దొరక్కపోతే ముతక ఇసుక, అదీ లేకపోతే నల్లగా మాడ్చిన వరి ఊక. మూడో అంతస్తు బాల్కనీలో కుండీలు ఎక్కువుంటే ఇసుక బరువు కూడా ఆలోచించుకోవాలి, ఊకకు ఆ బాధ లేదు. సముద్రపు ఇసుక మాత్రం వద్దు, ఉప్పు. కోకోపీట్‌లోనూ ఉప్పు ఉండొచ్చు కాబట్టి ఆ కోకోపీట్ ఇటుకను నానబెట్టి, రెండుసార్లు నీళ్లు మార్చి, పిండి వాడండి. గుప్పెడు వేపపిండి కలిపితే మంచిది, వాసన రెండు మూడు రోజులుంటుంది, అతిథులొచ్చే వారం కలపొద్దు. కలిపాక తడిపి గుప్పిట్లో పిసికి తెరిచి చూడండి. ముద్దగా నిలబడాలి, బొటనవేలితో పొడిస్తే విడిపోవాలి. పొడిచినా విడకపోతే మట్టి ఎక్కువైంది, ఇంకో అర మగ్గు పెర్లైట్ వేయండి.

ఇక పని రోజు. ముందు రోజు సాయంత్రం పీస్ లిల్లీని బకెట్‌లో ముంచి తీయండి. నిండుగా నీళ్లు తాగిన మొక్క దెబ్బను తట్టుకుంటుంది, మధ్య ముద్ద కూడా మెత్తబడుతుంది. బయటికి తీశాక ఆ బంకమట్టి ముద్దను నీళ్లలో పెట్టి, బియ్యం కడిగేటప్పటి చేత్తో, పిసికీ పిసకనట్టు ఒత్తుతూ పై భాగం కరిగించండి. మొత్తం తీసేయాలని పట్టుబట్టొద్దు. బయటి మూడో వంతు పోతే చాలు, లోపలిది పట్టుకుని వేలాడే సన్న వేళ్లను తెంపుకోవడమెందుకు? గుండ్రంగా చుట్టుకుపోయిన వేళ్లుంటే చేత్తో చిక్కు తీయండి. రాకపోతే కత్తితో ముద్ద పక్కల్లో నిలువుగా మూడు నాలుగు చోట్ల అర అంగుళం లోతు గాటు పెట్టండి. చూడ్డానికి క్రూరంగా ఉంటుంది కానీ, గాటు పెట్టిన చోట నుంచే కొత్త వేళ్లు బయటికి నడుస్తాయి. పెట్టకపోతే కొత్త కుండీలో కూడా పాత గుండ్రంలోనే తిరుగుతుంటాయి.

చేతికి గ్లవ్స్ వేసుకోండి. పీస్ లిల్లీ, మనీ ప్లాంట్, అగ్లోనిమా, డిఫెన్‌బాకియా ఇవన్నీ మన కంద, చేమ కుటుంబమే. చేమదుంప చెక్కు తీసేటప్పుడు చేతులు ఎందుకు దురద పెడతాయో వీటి రసం తగిలినా అందుకే దురద పెడుతుంది. అందులో సూదుల్లాంటి కాల్షియం ఆగ్జలేట్ స్ఫటికాలుంటాయి. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నారు గానీ, ఇక్కడ కత్తి పట్టిన చేతికి బాగానే ఉంటుంది. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్నా, ఆకులు కొరికే పిల్లి ఉన్నా తెగిన ముక్కలు కింద వదలకండి.

కొత్త కుండీలో అడుగున కొంత మిశ్రమం వేసి మొక్కను పెట్టి చూడండి. మట్టిలో ఇదివరకు ఎంత లోతున ఉందో ఇప్పుడూ అంతే లోతు ఉండాలి. మొదలును పూడిస్తే అక్కడ కుళ్లుతుంది. కుండీ అంచు నుంచి ఒక అంగుళం ఖాళీ వదలండి, లేకపోతే నీళ్లు పోసిన ప్రతిసారీ మట్టి గచ్చు మీదికి వస్తుంది. చుట్టూ మిశ్రమం పోస్తూ కుండీని నేల మీద తట్టండి, దానంతటదే సర్దుకుంటుంది. పిడికిలితో కూరొద్దు. చివరగా కింది చిల్లులోంచి కారేదాకా నీళ్లు పోసి, పళ్లెంలో చేరినవి పారబోయండి.

ఆ తర్వాతే అసలు పరీక్ష, మొక్కకు కాదు, మీకు. మొదటి మూడు నాలుగు రోజులు ఆకులు వాలతాయి. ఒకటి రెండు పసుపు పచ్చబడి రాలతాయి. అది చూసి నీళ్లు పోయాలనిపిస్తుంది, ఎరువు వేయాలనిపిస్తుంది, ఎండలో పెట్టాలనిపిస్తుంది. మూడూ వద్దు. పది రోజులు నీడలో ఉంచి, వేలు పెట్టి చూసి, పై అంగుళం ఆరితేనే నీళ్లు పోయండి. ఎరువు ఒక నెల దాకా మాటే వద్దు, వర్మీ కంపోస్ట్‌లో ఉన్నది చాలు. రెండు వారాలైనా తలెత్తకపోతే మట్టిని వాసన చూడండి. మురుగు వాసన వస్తే తీసి వేరు చూడాలి, రాకపోతే ఇంకో వారం ఓపిక పట్టండి. ఆకుల కొసలు గోధుమ రంగులోకి మారడం వేరే సంగతి. అది చాలాసార్లు బోరు నీళ్ల ఉప్పు వల్ల. కుండీ పక్కల తెల్లటి పొర కడుతోందా? అయితే వానాకాలంలో వాన నీళ్లు పట్టి పోయండి.

స్నేక్ ప్లాంట్‌ను దివ్యంగా ఉందని వదిలేశారు. కుండీ మార్పు నిజంగా అవసరమైంది దానికే. అది ఇరుకును ఇష్టపడే మొక్క, వేరు కుండీని నింపినా ఏళ్ల తరబడి ఏమీ అనదు. కానీ దాని దుంప కాండం మట్టి లోపల అడ్డంగా పాకుతూ కొత్త పిలకలు పెడుతుంది, దారి లేకపోతే గోడను తోస్తుంది. ఆ ఉబ్బు అదే. జూన్ దాకా ఆగుతుంది, కంగారు లేదు. నీళ్లు మాత్రం తగ్గించండి, ఈ ఎండల్లో కూడా పది రోజులకోసారి చాలు.

దాన్ని బోర్లించి తట్టినా బయటికి రాదు, ప్రయత్నించి చేతులు నొప్పి పుట్టించుకోకండి. కుండీ మీద ఆశ వదులుకుని కత్తెరతోనో పాత కత్తితోనో పై నుంచి కిందికి ప్లాస్టిక్‌ను కోసేయండి. లోపల బొటనవేలంత లావు నారింజ రంగు దుంపలు, కుండీ గోడ వంపు తిరిగినట్టే వంపు తిరిగి కనిపిస్తాయి. ప్రతి ముక్కకూ కొన్ని ఆకులు, కింద కొంత దుంప, కొన్ని వేళ్లు ఉండేలా మూడు నాలుగు భాగాలు చేయండి. కోసిన చోటు ఆరడానికి ఒకటి రెండు రోజులు నీడలో అలాగే పడేయండి, పచ్చి గాయంతో తడి మట్టిలో పెడితే కుళ్లు పడుతుంది. మిశ్రమంలో సగం ముతక ఇసుకో పెర్లైటో ఉండాలి, కోకోపీట్ తక్కువ. నాటాక వారం దాకా నీళ్లు పోయొద్దు. ఆకు అంచుకు పసుపు చార ఉన్న రకమైతే ఆకు ముక్కలు గుచ్చి పెంచే పద్ధతి వద్దు. ఆకు ముక్క నుంచి వచ్చే పిల్ల ఉత్త పచ్చగా పుడుతుంది, చార రాదు. చార కావాలంటే పిలకే విడదీయాలి.

ఎన్నాళ్లకోసారి మార్చాలని మీరు అడగలేదు గానీ, అడుగుతారు. పీస్ లిల్లీ, మనీ ప్లాంట్ లాంటివి రెండేళ్లకోసారి తీసి చూడండి, వేరు అల్లుకుపోతే మార్చండి, లేకపోతే అలాగే దించేయండి. స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ ప్లాంట్ లాంటివి కుండీని తోసేదాకా ఉండనివ్వండి. ఎత్తలేనంత పెద్ద కుండీలైతే పై 2 అంగుళాల మట్టి గీరి తీసేసి కొత్త కంపోస్ట్ పోస్తే ఏడాది గడుస్తుంది. నర్సరీ నుంచి కొత్తగా తెచ్చిన మొక్కనైతే ఆ సాయంత్రమే మార్చాలని తొందరపడొద్దు, రెండు మూడు వారాలు మీ ఇంటి గాలికీ వెలుతురుకూ అలవాటు పడనివ్వండి.

పాత మట్టి పారేయకండి. వేరు ముక్కలు ఏరేసి, నల్ల పాలిథీన్ షీటు మీద పల్చగా పరిచి, బాల్కనీ ఎండలో వారం పది రోజులు ఎండబెట్టండి. మీ పీస్ లిల్లీని వాడ్చిన ఆ మే ఎండే దీనికి పనికొస్తుంది, అందుకని పోయిన ఏడాది మనీ ప్లాంట్ కుండీలో మట్టి ఇంకా ఉంటే అది ఇప్పుడే పరచండి. వానలు మొదలయ్యాక కొంచెం కంపోస్ట్ కలిపి ఆ 12 అంగుళాల కుండీలోనే మెంతులు చల్లండి. వాటికి ఆ వెడల్పు సరిపోతుంది.